మట్టి పొరలను చదివిన మనిషి

ఈ ఏడాది మా ఇంట్లో ఒక గది గోడ కనిపించడం లేదు. నిండా కాగితాలు అంటించి ఉన్నాయి. మా అక్క చరిత్రలో డిగ్రీ పూర్తిచేసి, పురావస్తు శాస్త్రం, మ్యూజియం శాస్త్రం చదవడానికి ప్రవేశ పరీక్షలకు తయారవుతోంది. నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లో మ్యూజియాలజీ ఎం.ఎ., గ్రేటర్ నోయిడాలో భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ నడిపే పండిట్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ పురావస్తు సంస్థలో రెండేళ్ళ పీజీ డిప్లొమా, ఈ రెండింటి మీదా ఆమెకు ఆశ. పోయిన ఏడాది ఒక పరీక్ష రాసింది, సీటు రాలేదు. సరిగ్గా ఆ నెలలోనే నాన్నగారికి బదిలీ అయింది. సగం పుస్తకాలు లారీలో ఉండగా పరీక్ష రాసింది. తరువాత చాలా రోజులు ఆ పుస్తకాలు ముట్టుకోలేదు.

గోడ మీది కాగితాల్లో తక్షశిల, హరప్పా, అరికమేడు, బ్రహ్మగిరి అని నాలుగు ఊళ్ళున్నాయి. నాలుగింటి పక్కనా ఒకటే పేరు, వీలర్. ఎవరీయన అని అడిగితే, నువ్వే చదివి నాకు చెప్పు, నాకు పునశ్చరణ అవుతుంది అంది అక్క. అలా చదివి ఆమెకు చెప్పిందే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

ఊళ్ళు మారిన బాల్యం

మార్టిమర్ వీలర్ 1890 సెప్టెంబర్ 10న స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరంలో పుట్టాడు. తండ్రి పత్రికా విలేఖరి. ఉద్యోగం ఎక్కడుంటే కుటుంబం అక్కడికి వెళ్ళాలి. గ్లాస్గో నుంచి ఎడిన్‌బరో, అక్కడి నుంచి ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్ ప్రాంతం, చివరికి లండన్. మనలో చాలామందికి ఇది తెలిసిన కథే. ఒక బడిలో స్నేహితులు కుదిరేసరికి మరో ఊరు పిలుస్తుంది.

లండన్‌కు వచ్చేనాటికి అతనికి సుమారు పదిహేనేళ్ళు. తండ్రి అతన్ని మామూలు బడిలో చేర్చకుండా, నగరమంతా తిరిగి సొంతంగా నేర్చుకోమన్నాడు. అతను నేషనల్ గ్యాలరీకి, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియానికి పదే పదే వెళ్ళేవాడు. బొమ్మలు గీయడం అంటే ఇష్టం. ఏ వస్తువునైనా నిదానంగా చూడటం, చూసినదాన్ని గీయడం అతనికి అక్కడే అలవడ్డాయి. పెద్దయ్యాక అతని తవ్వకాల చిత్రాలు అంత స్పష్టంగా ఉండటానికి మూలం ఆ రోజుల్లోనే ఉంది.

రెండోసారి గట్టెక్కిన పరీక్ష

యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో చేరాలంటే ప్రవేశ పరీక్ష నెగ్గాలి. వీలర్ మొదటిసారి నెగ్గలేదు. రెండోసారి రాసి నెగ్గి, 1907లో ఉపకార వేతనంతో చేరాడు. ప్రాచీన గ్రీకు, లాటిన్ సాహిత్యాలు చదివాడు. 1910లో బి.ఎ., 1912లో ఎం.ఎ. పట్టాలు అందుకున్నాడు.

నేను ఈ సంగతి చదివి చెప్పినప్పుడు అక్క ఏమీ అనలేదు. కాసేపటికి లేచి వెళ్ళి ఆ వాక్యాన్ని ఒక చీటీ మీద రాసి గోడకు అంటించింది.

చదువైతే అయింది గానీ, పురావస్తు శాస్త్రాన్ని నమ్ముకుని బతకడం ఆ కాలంలో కష్టం. అందులో ఉద్యోగాలు చాలా తక్కువ. 1913లో అతనికి ఏడాదికి 50 పౌండ్ల పరిశోధక వేతనం వచ్చింది. ఇంటర్వ్యూ చేసినవారిలో క్రీట్ దీవిలో నోసస్ రాజభవనాన్ని తవ్వించిన ఆర్థర్ ఎవాన్స్ ఉన్నాడు. ఆ డబ్బు చాలదని గ్రహించి, తన జేబులోంచి మరో 50 పౌండ్లు కలిపి ఇచ్చాడు.

ఐదుగురిలో ఒక్కడు

1913లోనే ఇంగ్లండ్‌లోని రాక్సిటర్ అనే చోట ఒక రోమన్ పట్టణాన్ని తవ్వుతుంటే ఐదుగురు విశ్వవిద్యాలయ విద్యార్థులు కలిసి పనిచేశారు. మరుసటి ఏడాది మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఐదుగురిలో యుద్ధం నుంచి ప్రాణాలతో బయటపడింది వీలర్ ఒక్కడే. ఫిరంగి దళంలో పోరాడి, మిలిటరీ క్రాస్ పతకంతో తిరిగి వచ్చేసరికి అతని తరం పురావస్తు విద్యార్థులు దాదాపు మిగల్లేదు.

వీలర్ జీవితం అర్థం కావాలంటే ఈ సంగతి గుర్తుంచుకోవాలని నాకు అనిపించింది. తరువాత జీవితమంతా ఆయన ఎక్కడికి వెళ్ళినా ముందు చేసిన పని కొత్తవారికి నేర్పడం. తెలిసినవాడు పోతే తెలిసినదంతా అతనితో పోకూడదు. తరవాతివాళ్ళు సిద్ధంగా ఉండాలి.

1920లో వేల్స్ జాతీయ మ్యూజియంలో చేరి, 1924లో దాని డైరెక్టర్ అయ్యాడు. 1926లో లండన్ మ్యూజియం బాధ్యత తీసుకున్నాడు. భార్య టెస్సా కూడా పురావస్తు శాస్త్రవేత్తే. వాళ్ళిద్దరూ వెరులామియం అనే రోమన్ నగరాన్ని, మెయిడెన్ కాజిల్ అనే కొండకోటను తవ్వారు. ప్రతి తవ్వకం ఒక బడిలా నడిచేది. వందలమంది యువతీ యువకులు వచ్చి పని నేర్చుకున్నారు. లండన్‌లో పురావస్తు శాస్త్రానికి ప్రత్యేకంగా ఒక సంస్థ ఉండాలని ఇద్దరూ ఏళ్ళ తరబడి శ్రమించారు. ఆ సంస్థ 1937లో ప్రారంభమైంది. టెస్సా మాత్రం చూడలేదు. 1936లో, వీలర్ విదేశంలో ఉండగా, ఆమె అకస్మాత్తుగా మరణించింది.

ట్రంకు పెట్టె లెక్క

అక్క పరీక్షకు తప్పక చదవాల్సిన భాగం ఇక్కడుంది. మనకు బాగా తెలిసిన ఉదాహరణతో చెబుతాను.

బదిలీ అయినప్పుడు ట్రంకు పెట్టె సర్దుతాం కదా. ముందు పెట్టిన దుప్పటి అడుగుకు పోతుంది, ఆఖరున పెట్టిన పాల గిన్నె పైన ఉంటుంది. కొత్త ఇంట్లో పెట్టె తెరిచినవాడికి ఏది ముందు పెట్టారో ఏది తరువాత పెట్టారో వస్తువులే చెబుతాయి. భూమి కూడా అంతే. ఒక ఊళ్ళో జనం వందల ఏళ్ళు ఉంటే పాత ఇళ్ళు కూలి, వాటిమీద మట్టి చేరి, దానిమీద కొత్త ఇళ్ళు లేస్తాయి. పొర మీద పొర పడి దిబ్బ అవుతుంది. కింది పొర పాతది, పై పొర కొత్తది.

అయితే ఒక చిక్కుంది. ఎవరో మధ్యలో పెట్టె తెరిచి, అడుగుదాకా చెయ్యి పెట్టి, నిన్న కొన్న సాక్సులు దుప్పటి కింద దూర్చారనుకోండి. దిబ్బల్లోనూ అలాగే జరుగుతుంది. తరువాతి కాలం వాళ్ళు చెత్త కోసమో, ధాన్యం దాచడానికో గుంత తవ్వితే కొత్త వస్తువు పాత పొరల లోతుకు పోతుంది. పైగా పొరలు ఎప్పుడూ చదునుగా ఉండవు, వాలుగా పోతాయి. కాబట్టి రెండు వస్తువులు ఒకే లోతులో దొరికినంత మాత్రాన ఒకే కాలానివి కావు. మన దేశంలో అంతకుముందు జరిగిన పెద్ద తవ్వకాల్లో ఎక్కువగా లోతునే కొలిచేవారు. వీలర్ పొరను చూడాలన్నాడు.

అందుకు ఆయన పద్ధతి ఇది. తవ్వాల్సిన నేలను చదరంగపు పలకలాగా గళ్ళు గళ్ళుగా విభజిస్తారు. ప్రతి గడికీ పక్క గడికీ మధ్య కొంత మట్టిని తవ్వకుండా గట్టులా వదిలేస్తారు. గుంత లోతైన కొద్దీ ఆ గట్టు పక్కలు నిలువు గోడల్లా కనిపిస్తాయి. ఆ గోడల్లో బూడిద, ఇటుక ముక్కలు, పసుపు మట్టి, నల్ల మట్టి చారల్లాగా తెలుస్తాయి. చారలకు అంకెలు వేసి, బొమ్మ గీసి, ఫోటో తీస్తారు. దొరికిన ప్రతి కుండ పెంకు మీదా అది ఏ గడిలో ఏ పొరలో దొరికిందో రాస్తారు. గుర్తు రాయని పెంకు ఎంత అందంగా ఉన్నా దాని సాక్ష్యం సగం పోయినట్టే. సామాను లారీ ఎక్కించేటప్పుడు అమ్మ ప్రతి అట్టపెట్టె మీదా అంకె వేసి, పుస్తకంలో జాబితా రాసేది ఎందుకో నాకిప్పుడు బాగా తెలిసింది.

వీలర్‌కు ఇంకొక నియమం ఉండేది. తవ్వడం అంటే ఒకరకంగా చెరపడమే. ఒకసారి తవ్విన పొరను మళ్ళీ తవ్వలేం. అందువల్ల తవ్వినవాడు నివేదిక రాసి అచ్చు వేయించాలి. అది చేయకపోతే అతను చరిత్రను పాడుచేసినట్టే.

తక్షశిలలో బడి

రెండో ప్రపంచ యుద్ధంలో వీలర్ మళ్ళీ సైన్యంలో చేరాడు. ఉత్తర ఆఫ్రికాలో, ఇటలీలో పోరాడాడు. 1943లో యుద్ధరంగంలో ఉండగానే పిలుపు వచ్చింది. భారత వైస్రాయ్ వేవెల్ ఆయన్ని భారత పురావస్తు సర్వేక్షణ సంస్థకు డైరెక్టర్ జనరల్‌గా రమ్మన్నాడు. 1944లో ఆయన మన దేశానికి వచ్చి బాధ్యత తీసుకున్నాడు. అప్పటికి వయసు 53. యుద్ధం కారణంగా ఆ సంస్థ కార్యాలయం అప్పుడు సిమ్లాలో ఉంది.

1861లో అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్‌తో మొదలైన ఆ సంస్థ, జాన్ మార్షల్ కాలంలో హరప్పా, మొహెంజోదారోలతో ప్రపంచానికి తెలిసింది. తరువాత డబ్బు తగ్గింది, శిక్షణ పొందినవాళ్ళూ తగ్గారు. వీలర్ వచ్చిన ఏడాదే తక్షశిలలో ఒక శిక్షణ శిబిరం తెరిచాడు. దేశం నలుమూలల నుంచి విశ్వవిద్యాలయాల విద్యార్థులు, పురావస్తు ఉద్యోగులు కలిపి సుమారు అరవై మంది గుడారాల్లో ఉండి ఆరు నెలలపాటు పని నేర్చుకున్నారు. కొలవడం, గీయడం, ఫోటోలు తీయడం, పెంకులను వేరుచేయడం, పొరలను గుర్తించడం అన్నీ చేతులతో చేసి నేర్చుకోవాల్సిందే. ఆయన చాలా కఠినంగా ఉండేవాడు. వంకర గీతను, అలసత్వాన్ని సహించేవాడు కాదు. ఆ శిబిరంలో నేర్చుకున్న కుర్రవాళ్ళలో బి.బి.లాల్, బి.కె.థాపర్ ఉన్నారు. ఇద్దరూ తరువాతి కాలంలో అదే సంస్థకు డైరెక్టర్ జనరల్ అయ్యారు.

మద్రాసు మ్యూజియం అల్మరాలో దొరికిన దారి

దక్షిణ భారతదేశంలో అప్పటికి పెద్ద సమస్య ఒకటుంది. ఎన్నో చోట్ల రాతి గొడ్డళ్ళు, పెద్ద రాళ్ళ సమాధులు, రకరకాల కుండలు దొరికాయి. ఏవి ఏ కాలానివో చెప్పడానికి ఆధారం లేదు. ఈనాటి రేడియో కార్బన్ పరీక్ష అప్పటికి లేదు. కచ్చితంగా కాలం తెలిసిన వస్తువు ఒక్కటి దొరికితే చాలు, దాన్ని పట్టుకుని మిగిలినవాటిని లెక్క కట్టవచ్చు.

ఆ ఒక్కటి 1944లో మద్రాసు ప్రభుత్వ మ్యూజియంలో దొరికింది. అక్కడి అల్మరాలో వస్తువులు చూస్తుంటే వీలర్ చేతికి ఒక కుండ మెడ తగిలింది. అది ఆంఫొరా, అంటే రోమన్లు మద్యం, నూనె పోసి ఓడల్లో పంపే రెండు చెవుల పొడవాటి జాడీ. ఇంగ్లండ్‌లో అలాంటివి వందలు చూసిన మనిషి గనుక చూడగానే గుర్తుపట్టాడు. అది పుదుచ్చేరి దగ్గర దొరికిందని తెలిసి వెంటనే అక్కడికి వెళ్ళాడు. అక్కడి గ్రంథాలయంలో ఒక అద్దాల పెట్టెలో, ఇటలీలో తయారైన ఎర్రటి నునుపు పాత్రల ముక్కలు ఉన్నాయి. వాటిని అరెటైన్ పాత్రలంటారు. అవి ఏ కాలంలో తయారయ్యాయో ఐరోపాలో బాగా తెలుసు.

1945లో పుదుచ్చేరి పక్కన అరికమేడులో తవ్వారు. అరెటైన్ ముక్కలున్న పొరల్లోనే, లోపలి అడుగున గుండ్రంగా చిన్న చిన్న గాట్లున్న పళ్ళాలు కూడా దొరికాయి. వాటిని రూలెటెడ్ పాత్రలంటారు. ఇప్పుడు రోమన్ పాత్ర కాలంతో ఆ పళ్ళాల కాలమూ తెలిసింది. అవి దక్షిణాదిలో చాలాచోట్ల దొరుకుతాయి. మన అమరావతిలోనూ, శ్రీకాకుళం జిల్లా సాలిహుండంలోనూ దొరికాయి.

1947లో ఆయన కర్ణాటకలో అశోకుని శాసనమున్న బ్రహ్మగిరిని, దగ్గరలోని చంద్రవల్లిని తవ్వించాడు. బ్రహ్మగిరి పై పొరల్లో ఆ గాట్ల పళ్ళాలు వచ్చాయి. చంద్రవల్లిలో శాతవాహనుల నాణేలతోపాటు రోమ్ చక్రవర్తి టైబీరియస్ వెండి నాణెం దొరికింది. అలా రాతి గొడ్డళ్ళ కాలం, దానిపైన పెద్ద రాతి సమాధుల కాలం, దానిపైన శాతవాహనుల కాలం అని వరుస తేలింది. ఆ పై పొరకు వీలర్ పెట్టిన పేరు ఆంధ్ర సంస్కృతి. ఇంతకూ దారి చూపింది ఒక మ్యూజియం అల్మరాలోని పగిలిన కుండ మెడ. దాన్ని పారేయకుండా, ఎక్కడ దొరికిందో గుర్తు పోకుండా దాచినవారికి మనం ఋణపడి ఉన్నాం. మ్యూజియం శాస్త్రం ఎందుకు చదవాలి అని ఎవరైనా అడిగితే ఇదే జవాబు చెబుతానంది అక్క.

1946లోనే వీలర్ సర్వేక్షణ సంస్థలో మ్యూజియంల కోసం ప్రత్యేక శాఖ పెట్టాడు. తవ్విన చోటనే మ్యూజియాలు ఏర్పరచి వాటిని చూసుకోవడం దాని పని. ఏన్షెంట్ ఇండియా అనే పత్రికను కూడా ఆ ఏడాదే ప్రారంభించాడు. అరికమేడు, హరప్పా, బ్రహ్మగిరి నివేదికలు వరుసగా అందులో వచ్చాయి. తాను పెట్టిన నియమాన్ని తానే పాటించాడు.

చేసిన పొరపాటు, మిగిలిన పని

1946లో హరప్పాలో తవ్వి, దిబ్బ చుట్టూ పెద్ద ఇటుక గోడ ఉందని చూపించాడు. అది గొప్ప విషయం. కానీ అక్కడే ఒక తొందరపాటు కూడా చేశాడు. మొహెంజోదారోలో అంతకుముందు దొరికిన కొన్ని అస్థిపంజరాలను చూసి, బయటి నుంచి దండెత్తివచ్చిన ఆర్యులు ఆ నగరాన్ని నాశనం చేశారని రాశాడు. తరువాతి పరిశోధకులు ఆ ఎముకలను, అవి దొరికిన పొరలను మళ్ళీ పరిశీలించారు. అవన్నీ ఒకే రోజున, ఒకే దాడిలో చనిపోయినవారివి కావని తేల్చారు. పొరను చూడమని అందరికీ నేర్పిన మనిషి అక్కడ పొర చెప్పినదాన్ని మించి మాట్లాడాడు. ఆయన తప్పును పట్టుకున్నది ఆయన నేర్పిన పద్ధతే కావడం విశేషం. పరీక్షలో ఈ ప్రశ్న వస్తే రెండు వైపులా రాయాలని అక్క గట్టిగా చెప్పింది.

1947లో దేశ విభజన జరిగింది. తక్షశిల, హరప్పా, మొహెంజోదారో మూడూ పాకిస్తాన్‌లోకి వెళ్ళాయి. మన దేశంలో సింధు నాగరికత స్థలాలు దాదాపు లేనట్టే అయింది. 1948లో వీలర్ పదవి వదిలి వెళ్ళాడు. అయితే తక్షశిల అటు పోయినా, అక్కడ నేర్చుకున్న పని ఇటు మిగిలింది. అమలానంద ఘోష్ రాజస్థాన్‌లో ఘగ్గర్ నది వెంట తిరిగి ఎన్నో పాత దిబ్బలు కనిపెట్టాడు. లాల్, థాపర్ కాలీబంగన్ తవ్వారు. లాల్ హస్తినాపురంలోనూ, మన ఢిల్లీలో పురానా ఖిల్లాలోనూ తవ్వించాడు. నాగార్జునసాగర్ ఆనకట్ట కడితే లోయ మునిగిపోతుందని తెలిసి, 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో నాగార్జునకొండలో పెద్ద ఎత్తున తవ్వకాలు జరిగాయి. నీళ్ళు రాకముందే కొన్ని కట్టడాలను ఊడదీసి కొండ మీదా, అనుపులోనూ తిరిగి నిలబెట్టారు.

తక్షశిల శిబిరం లాంటిదే శాశ్వతంగా ఉండాలని 1959లో ఢిల్లీలో స్కూల్ ఆఫ్ ఆర్కియాలజీ పెట్టారు. 1985లో అది ఇన్‌స్టిట్యూట్ అయింది. ఇప్పుడు గ్రేటర్ నోయిడాలో ఉన్నది అదే. అంటే మా అక్క చేరాలనుకుంటున్న బడి మూలాలు తక్షశిల గుడారాల్లో ఉన్నాయన్నమాట.

ఇంగ్లండ్ వెళ్ళాక వీలర్ టెలివిజన్‌లో పురావస్తు కార్యక్రమాల్లో కనిపించి ఇంటింటికీ పరిచయమయ్యాడు. 1952లో సర్ బిరుదు వచ్చింది. 1954లో తన పద్ధతులన్నీ వివరిస్తూ రాసిన పుస్తకం నేటికీ పాఠ్య ప్రణాళికల్లో కనిపిస్తుంది. 1976 జూలై 22న, 85 ఏళ్ళ వయసులో ఆయన మరణించాడు.

పోయిన ఆదివారం

పోయిన ఆదివారం అక్కా నేనూ పురానా ఖిల్లాకు వెళ్ళాం. అక్కడి మ్యూజియంలో బూడిదరంగు మీద నల్లటి గీతలున్న పెంకులు చూపించి, ఏ కాలానివో చెప్పమంది. నేను తప్పు చెప్పాను. తరువాత జాతీయ మ్యూజియంలో నాగార్జునకొండ శిల్పాల ముందు చాలాసేపు నిలబడ్డాం. అవి కూడా మనలాగే బదిలీ మీద ఇక్కడికి వచ్చాయి. కానీ పేరూ, ఊరూ, కాలమూ వాటి పక్కనే చీటీ మీద రాసి ఉన్నాయి.

ఊరు మారిన ప్రతిసారీ మనం ఎక్కడివాళ్ళమని ఎవరైనా అడిగితే చెప్పడానికి నాకు తడబాటుగా ఉండేది. ఇప్పుడు ఒక్కో ఊరూ ఒక పొర అనుకుంటున్నాను. విశాఖపట్నం అడుగున ఉంది, దానిపైన నాగపూర్, దానిపైన జోధ్‌పూర్, అన్నిటికన్నా పైన నోయిడా. ఏదీ పోలేదు, వరుసలోనే ఉంది.

ఈ పత్రిక మీ చేతికి వచ్చేసరికి అక్క పరీక్ష అయిపోతుంది. ఫలితం ఏమవుతుందో తెలియదు. గోడ మీద ఆ చీటీ మాత్రం అలాగే ఉంది. మళ్ళీ బదిలీ వస్తే దాన్ని జాగ్రత్తగా ఊడదీసి, ఏ పెట్టెలో పెట్టామో జాబితాలో రాసుకుంటాం.